మన పిల్లల రిజిస్టర్ మనకు చూపించడానికి ఇంత ఆలోచన ఎందుకు?

ప్రొద్దుటూరులో ఒక హైస్కూల్ ఆఫీసు రూం బయట పోయిన నెల ఒక తల్లి గంటన్నర సేపు నిలబడింది. కూతురు తొమ్మిదో తరగతి. ఆధార్‌లో అమ్మాయి పేరు ఒకలా ఉంది, స్కూల్ ఇచ్చిన ప్రోగ్రెస్ కార్డులో ఇంకోలా ఉంది. అడ్మిషన్ రిజిస్టర్‌లో అసలు ఏం రాసుకున్నారో చూద్దామని ఆమె వచ్చింది. "సార్, ఒక్కసారి ఆ రిజిస్టర్ చూపిస్తారా?" అని అడిగింది. "అది ఆఫీసు రికార్డమ్మా, బయటివాళ్ళకి చూపించేది కాదు. మీ ఇంటాయన్ని పంపించండి, మాట్లాడదాం" అని జవాబు. ఆ ఇంటాయన కువైట్‌లో ఉన్నాడు. రెండేళ్ళకోసారి వస్తాడు.

ఆమె నాతో అన్న మాట ఒకటే. "నేను బయటిదాన్నా భాయ్? ఆ పిల్లని చేర్పించింది నేనే, ఆ రిజిస్టర్‌లో సంతకం పెట్టింది నేనే."

స్కూల్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక్క స్కూల్ సంగతి కాదు. జమ్మలమడుగులోనూ, పులివెందులలోనూ అడిగి చూశాను. గవర్నమెంట్ బడి, ప్రైవేట్ బడి తేడా లేకుండా ఇదే మాట కొంచెం అటూ ఇటూగా వినిపించింది. గట్టిగా 'లేదు' అని చెప్పేవాళ్ళు తక్కువ. 'రేపు రండి', 'క్లర్క్ రాలేదు', 'ఎంఈఓ ఆఫీసులో అడగండి' అనేవాళ్ళే ఎక్కువ. మూడుసార్లు కూలి పోగొట్టుకున్నాక ఎవరైనా తిరగడం మానేస్తారు.

హక్కు అనే మాట మన ఉర్దూ హక్ నుంచే తెలుగులోకి వచ్చింది. దాఖలా, దస్తావేజు, రుజువు కూడా అట్లా వచ్చినవే. మాటలు ఇచ్చినవాళ్ళమే కాయితం దగ్గరికొచ్చేసరికి వెనక నిలబడుతున్నాం. ఇంతకీ చట్టం ఏం చెబుతోంది, ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ బోలుగా ఉంది, ఈ మధ్య కొత్తగా ఏం మారింది అన్నది చూద్దాం.

ఒక్క అక్షరం ఎంత దూరం పోతుంది

ముందు ఈ రిజిస్టర్ గొడవ ఎందుకు ఇంత ముఖ్యమో చెప్పాలి. 'మార్కులు తెలుస్తున్నాయి కదా, ఇంకేం కావాలి' అనుకునే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు.

ఒకటో తరగతిలోనో, ఆరో తరగతిలోనో అడ్మిషన్ రిజిస్టర్‌లో రాసిన పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, కులం, మాతృభాష పై తరగతులకు పోతాయి. పదో తరగతి వచ్చేసరికి ఆ వివరాలతోనే నామినల్ రోల్స్ తయారై ప్రభుత్వ పరీక్షల విభాగానికి వెళ్తాయి. అక్కడినుంచి టెన్త్ మెమో. ఆ తర్వాత పాన్ కార్డు, పాస్‌పోర్టు, ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం అన్నీ ఆ మెమోనే పట్టుకుని నడుస్తాయి. గవర్నమెంట్ ఉద్యోగంలో సర్వీసు రిజిస్టర్‌లో రాసే పుట్టిన తేదీ కూడా అదే.

మన ఇళ్ళల్లో పేర్ల సంగతి తెలిసిందే. షేక్ అన్న ఒక్క ఇంటిపేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. ఎస్-హెచ్-ఎ-ఐ-కె అని ఒకరు, ఎస్-హెచ్-ఇ-ఐ-కె అని ఇంకొకరు, చివర హెచ్ తగిలించి మరొకరు, ఉత్త ఎస్-కె అని పెట్టి వదిలేసేవాళ్ళు కొందరు. ఇక ఆడపిల్లల పేర్ల చివర బీ, బేగం, బాను ఉంటాయో పోతాయో చేర్చుకునే రోజు క్లర్క్ గారి ఓపికను బట్టి ఉంటుంది. నా సంగతే చెబుతాను. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక స్పెల్లింగ్, బీకాం సర్టిఫికెట్‌లో ఇంకో స్పెల్లింగ్. బ్యాంకు ఉద్యోగం పరీక్షకి పోయినప్పుడు సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర అఫిడవిట్ రాయించుకుని రమ్మన్నారు. నోటరీకి, స్టాంపు పేపరుకి పోయిన డబ్బు పెద్ద లెక్క కాదు. ఆ రోజు పడిన టెన్షన్ మాత్రం లెక్కే. మా అమ్మ నన్ను చేర్చిన రోజు ఆ రిజిస్టర్ ఒక్కసారి చదివి వినిపించి ఉంటే సరిపోయేది.

పేరు ఒక్కటే కాదు, కులం కాలమ్ కూడా చూడాలి. 2007 చట్టంతో వచ్చిన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్‌లో షేక్ అనే వర్గం ఉంది. సయ్యద్, పఠాన్, మొఘల్ లాంటివాళ్ళు అందులో లేరు. దూదేకులవాళ్ళు బీసీ-బి. తహసీల్దారు ఆఫీసులో సర్టిఫికెట్‌కి పెట్టుకున్నప్పుడు స్కూల్ రికార్డులో ఏముందో చూస్తారు. అక్కడ ఎవరో 'ముస్లిం' అని ఒక ముక్క రాసి వదిలేస్తే, లేదా దూదేకుల పిల్లవాడికి షేక్ అని రాసేస్తే, ఆ తిరుగుడు కౌన్సెలింగ్ రోజుల్లో మొదలవుతుంది. స్టడీ సర్టిఫికెట్ సంగతి సరేసరి. 371-డి కింద లోకల్, నాన్-లోకల్ తేలేది ఏ క్లాసు ఎక్కడ చదివారన్న రికార్డు మీదే.

హాజరు రిజిస్టర్‌కి ఇప్పుడు డబ్బుతో కూడా ముడి ఉంది. అమ్మ ఒడి ఉన్నప్పుడు 75 శాతం హాజరు అడిగారు, తల్లికి వందనం వచ్చాకా అదే నిబంధన. 2025 జూన్‌లో 67 లక్షలకు పైగా పిల్లల లెక్కన తల్లుల ఖాతాల్లో 13 వేల చొప్పున వేశారు, ఇంకో 2 వేలు బడి నిర్వహణకు పట్టుకున్నారు. జమ్మలమడుగులో ఒక తల్లి పేరు జాబితాలో రాలేదు. సచివాలయంలో 'హాజరు తక్కువ' అన్నారు. స్కూల్‌లో 'మా దగ్గర బాగానే ఉంది, ఆన్‌లైన్‌లో తప్పు పడింది' అన్నారు. ఏది నిజమో తేలాలంటే రిజిస్టర్ పక్కన ఆన్‌లైన్ ఎంట్రీ పెట్టి చూడాలి. ఆ రెండూ ఆమెకు ఎవరూ చూపించలేదు.

చట్టంలో ఉన్నది, లేనిది

నిజం చెప్పాలంటే, 'తల్లిదండ్రులు అడిగితే పిల్లల రికార్డు చూపించాలి' అని సూటిగా ఒక్క వాక్యంలో చెప్పే చట్టం మన దేశంలో లేదు. అమెరికాలో ఉంది. 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ప్రతి స్కూలూ తల్లిదండ్రులు అడిగిన 45 రోజుల్లోపు రికార్డు చూపించాలి. పిల్లలకు 18 ఏళ్ళు వస్తే ఆ హక్కు పిల్లలకే పోతుంది. తల్లీ తండ్రీ విడిపోయినా, కోర్టు వద్దని చెప్పకపోతే, ఇద్దరికీ ఆ హక్కు ఉంటుంది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడులకు 2005 నాటి నిబంధనలు ఉన్నాయి, అక్కడ గడువు 15 బడి రోజులు. డల్లాస్‌లోనో, లండన్‌లోనో ఉన్న మన బంధువులకు ఇది మామూలు విషయం. మనకు మాత్రం నాలుగైదు చట్టాల ముక్కలు ఏరుకుని కలిపి కుట్టుకోవాలి.

రాజ్యాంగంలో 2002 సవరణతో రెండు వచ్చాయి. 21-ఎ కింద పిల్లలకు చదువు హక్కు. 51-ఎ(కె) కింద పిల్లలను చదివించడం తల్లిదండ్రుల బాధ్యత. బాధ్యత రాసిపెట్టారు కానీ, ఆ బాధ్యత సరిగ్గా చేస్తున్నామో లేదో చూసుకునే కాయితం అడిగే హక్కు రాయలేదు.

దగ్గరగా వచ్చేది 2009 విద్యాహక్కు చట్టం, సెక్షన్ 24(1)(ఇ). తల్లిదండ్రులతో క్రమంగా సమావేశాలు పెట్టి పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ప్రగతి, ఇంకా పిల్లలకు సంబంధించిన ఇతర సమాచారం చెప్పడం టీచర్ల విధి అని అందులో ఉంది. ప్రైవేట్ టీచర్లకు కూడా ఇది వర్తిస్తుంది. 'ఇతర సమాచారం' అన్న మాట మనకు పనికొచ్చే మాట. అయితే రెండు లోపాలున్నాయి. చెప్పమన్నారు కానీ చూపించమనలేదు. రెండోది ఇంకా పెద్దది. ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వరకే, అంటే ఎనిమిదో తరగతి దాకానే. నామినల్ రోల్స్, బోర్డు పరీక్ష, ఇంటర్ హాస్టల్ లాంటివి, రికార్డుతో అసలు పని పడేవన్నీ, తొమ్మిది నుంచి మొదలవుతాయి. సరిగ్గా అక్కడికొచ్చేసరికి చట్టం చేయి వదిలేస్తుంది.

మన పాఠకులకు ఇంకో మాట కూడా చెప్పాలి, అది మనకు ఇబ్బందైనా సరే. 2012 సవరణ ప్రకారం మతవిద్య ప్రధానంగా చెప్పే మదర్సాలకు, వేద పాఠశాలలకు ఈ చట్టం వర్తించదు. 2014 ప్రమతి తీర్పుతో మైనారిటీ విద్యాసంస్థలన్నీ దీని బయటికి వెళ్ళాయి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచ్ ఆ తీర్పు మీద సందేహం చెప్పి పెద్ద బెంచ్‌కి పంపమంది. అది తేలేదాకా, మనవాళ్ళు నడిపే మైనారిటీ స్కూల్లో చదివే పిల్లల తల్లిదండ్రులు సెక్షన్ 24 చూపించి అడగడానికి లేదు. మన సంస్థల స్వతంత్రత కోసం కొట్లాడటం సరే. ఆ స్వతంత్రత పేరుతో మన అమ్మానాన్నలకే రికార్డు చూపించకపోతే దానికి ఏం సమాధానం చెబుతాం? మైనారిటీ స్కూల్ కమిటీలవాళ్ళు చట్టం కోసం చూడకుండా వాళ్ళంతట వాళ్ళే ఒక తీర్మానం చేసుకోవచ్చు.

గవర్నమెంట్, ఎయిడెడ్ స్కూళ్ళలో తల్లిదండ్రుల కమిటీలు ఉన్నాయి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న వాటికి ఎన్నికలు జరిగాయి. కమిటీలో ఉన్నవాళ్ళు బడి ఎలా నడుస్తుందో, నిధులు ఎటు పోతున్నాయో చూడొచ్చు. ప్రైవేట్ అన్‌ఎయిడెడ్ బడికి ఈ కమిటీ అక్కర్లేదు.

సమాచార హక్కు చట్టం: బలం ఉంది, ఇప్పుడు ఒక గోడ కూడా లేచింది

ఇన్నాళ్ళూ నిజంగా పనిచేసింది 2005 సమాచార హక్కు చట్టం. జడ్పీ, మున్సిపల్ స్కూలు ప్రభుత్వ సంస్థే కాబట్టి నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన రాష్ట్ర రూల్స్ ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జిరాక్స్ పేజీకి 2 రూపాయలు. తెల్ల కార్డు ఉన్న పేదవాళ్ళు ఫీజు కట్టక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు.

ప్రైవేట్ స్కూల్‌కి నేరుగా పెట్టడం కుదరదు. కానీ చట్టంలో సెక్షన్ 2(ఎఫ్) అని ఒకటుంది. వేరే చట్టం ప్రకారం ప్రభుత్వ అధికారి ఒక ప్రైవేట్ సంస్థ నుంచి తెప్పించుకోగలిగిన సమాచారం కూడా 'సమాచారం' కిందే లెక్క. 1982 ఏపీ విద్యాచట్టం, 1994 జనవరి 1 నాటి జీఓ నంబర్ 1 కింద గుర్తింపు తీసుకున్న స్కూల్ రికార్డులు విద్యాశాఖ తనిఖీకి లోబడి ఉంటాయి. కాబట్టి ఎంఈఓకో, డీఈఓకో దరఖాస్తు పెట్టి 'ఫలానా స్కూల్ నుంచి మా పిల్లవాడి అడ్మిషన్ ఎంట్రీ తెప్పించి ఇవ్వండి' అని అడగొచ్చు. పులివెందులలో నేను మాట్లాడిన ప్రైవేట్ స్కూళ్ళ తల్లిదండ్రుల్లో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. తెలిసినా పిల్లవాడు అదే స్కూల్లో ఉన్నప్పుడు ఎంతమంది పెడతారన్నది వేరే ప్రశ్న. 'పిల్లోడి మీద చూపిస్తారేమో' అన్న భయం చిన్నది కాదు.

ఇక ఈ గోడ సంగతి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. ఇదివరకు వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే, లేదా అది ప్రభుత్వ కార్యకలాపానికి సంబంధించినదైతే, ఇవ్వక తప్పేది కాదు. ఇప్పుడు ఆ మాటలన్నీ తీసేసి 'వ్యక్తిగత సమాచారం' అని ఒక్క ముక్క ఉంచారు. 2025 నవంబర్‌లో డేటా రక్షణ రూల్స్ ప్రకటించినప్పుడు ఈ సవరణ కూడా అమల్లోకి వచ్చింది. సెక్షన్ 8(2) కింద ప్రజా ప్రయోజనం ఎక్కువనుకుంటే ఇవ్వొచ్చన్న దారి ఇంకా ఉంది. కానీ ఆ దారి తెరవాలా వద్దా అన్నది అధికారి ఇష్టం.

పక్కింటి పిల్లవాడి మార్కులు నాకెందుకు ఇవ్వాలి? ఇవ్వకూడదు, అది న్యాయమే. నా పిల్లవాడివి నేను అడిగితే అది మూడో మనిషి సమాచారం కాదు. అయినా రేపటి నుంచి ఆఫీసులో 'వ్యక్తిగత సమాచారం, 8(1)(జె) ప్రకారం తిరస్కరించడమైనది' అని రబ్బరు స్టాంపు కొట్టడం సులువైపోతుందని నా భయం.

అదే డేటా చట్టంలో మనకు పనికొచ్చేది కూడా ఉంది. 18 ఏళ్ళలోపు పిల్లల విషయంలో 'డేటా ప్రిన్సిపల్' అంటే తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకులు కూడా వస్తారని సెక్షన్ 2 చెబుతోంది. సెక్షన్ 11 ప్రకారం తమ దగ్గర ఏం సమాచారం ఉంది, ఎవరికి ఇచ్చారు అన్నది అడిగితే చెప్పాలి. సెక్షన్ 12 ప్రకారం తప్పుంటే దిద్దాలి. డిజిటల్ రూపంలో ఉన్న రికార్డుకే ఇది, కానీ ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్‌లోనే కదా. ప్రైవేట్ స్కూల్‌కీ వర్తిస్తుంది. అంటే మనం అడుగుతున్న హక్కు దాదాపు ఇదే.

తేదీల దగ్గర చిక్కు వచ్చింది. మన చేతికి హక్కు ఇచ్చే ఈ సెక్షన్లు అమల్లోకి రావడానికి రూల్స్ ప్రకటించిన రోజు నుంచి 18 నెలల గడువు పెట్టారు, అంటే 2027లో. మన చేతిలో ఉన్న పాత హక్కును బిగించే సవరణ మాత్రం వెంటనే అమలైంది. అకౌంట్స్ చదివినవాడిగా చెబుతున్నా, ఇది ఖర్చు ఈ ఏడాది రాసేసి ఆదాయం వచ్చే ఏడాదికి నెట్టడం లాంటిది. ఈ మధ్యలో పదో తరగతి రాసే రెండు బ్యాచ్‌ల పిల్లల సంగతేంటి?

అపార్ నంబర్ కూడా ఈ మధ్యకాలంలోనే వచ్చింది. 12 అంకెల ఆ నంబర్‌కి తల్లిదండ్రుల సమ్మతి పత్రం కావాలి. 2024 చివర్లో మన బడుల్లో ఆ ఫారాలు చకచకా నింపించారు. ఆధార్‌లో, స్కూల్ రికార్డులో పేరు ఒకేలా లేకపోతే నంబర్ పుట్టదు. మన పిల్లలవి ఎన్ని ఆగిపోయాయో ప్రతి మొహల్లాలో తెలుసు. సంతకం పెట్టించుకునేటప్పుడు మనం 'సంరక్షకులం', రిజిస్టర్ చూపించమన్నప్పుడు 'బయటివాళ్ళం'.

సమాధాన పత్రం లెక్క

పరీక్ష పేపర్ విషయంలో మాత్రం దారి స్పష్టంగా ఉంది. 2011 ఆగస్టు 9న సీబీఎస్ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు, దిద్దిన సమాధాన పత్రం చూసుకునే, నకలు తీసుకునే హక్కు విద్యార్థికి ఉందని తేల్చింది. 'మేం నమ్మకంతో దాచిపెట్టుకున్న కాయితాలు' అన్న బోర్డు వాదన నిలబడలేదు. బోర్డు ఆ పేపర్లు దాచి ఉంచే గడువు లోపలే అడగాలి, అదొక్కటే షరతు.

ఇది ఎందుకు అవసరమో 2025 టెన్త్ ఫలితాల తర్వాత రాష్ట్రమంతా చూసింది. రీ వెరిఫికేషన్‌లో వేల పేపర్లలో మార్కులు మారాయి. ఫెయిల్ అని వచ్చినవాళ్ళు పాసయ్యారు. దిద్దిన టీచర్ల మీద సస్పెన్షన్లు పడ్డాయి. మన జిల్లాలో ఇది ఇంకా దగ్గరగా తగులుతుంది. పులివెందుల పక్కనే ఇడుపులపాయలో ఉన్న ఆర్కే వ్యాలీ ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చేది టెన్త్ మార్కుల మీదే. ఒక్క సబ్జెక్టులో పది మార్కులు పోతే సీటే పోతుంది.

ఫీజులు చూడండి. టెన్త్‌లో ఒక సబ్జెక్టు రీకౌంటింగ్ 500 రూపాయలు, పేపర్ నకలుతో రీ వెరిఫికేషన్ 1,000. ఇంటర్‌లో రీకౌంటింగ్ 260, స్కాన్ కాపీతో రీ వెరిఫికేషన్ 1,300. అదే సమాచార హక్కు కింద అయితే 24 పేజీల బుక్‌లెట్‌కి 48 రూపాయలు, దరఖాస్తు ఫీజు 10, మొత్తం 58. కంపెనీ సెక్రటరీల సంస్థ మీద 2019లో వచ్చిన పరస్ జైన్ కేసులో, సంస్థకు సొంత ఫీజు రూల్ ఉన్నా, అభ్యర్థి సమాచార హక్కు దారిలో వస్తే ఆ చట్టం ఫీజే వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే తొందరపడి 1,000 మిగిలిందని అనుకోవద్దు. 58 రూపాయలకు పేపర్ చూడొచ్చు, అంతే, మార్కులు తిరిగి వేయరు. పైగా వాళ్ళకు 30 రోజుల టైం ఉంటుంది, రీ వెరిఫికేషన్ గడువు ఫలితాలొచ్చిన కొద్ది రోజులకే అయిపోతుంది. అంటే ముందు పేపర్ చూసి, తప్పుందని తెలిశాక ఫీజు కట్టే అవకాశం పేదవాడికి లేదు. గడువు దాటాక తప్పు బయటపడితే హైకోర్టే గతి. సర్కారు నిజంగా చేయదలిస్తే ఇక్కడ చేయాల్సింది చిన్నదే. ఫలితాలు వాట్సాప్ మన మిత్రలో పంపుతున్నారు, హాల్ టికెట్లు పంపుతున్నారు. స్కాన్ చేసిన పేపర్ కూడా తక్కువ ఫీజుకి అట్లాగే పంపొచ్చు.

టీసీ ఆపడం, తల్లిని ఆపడం

ఫీజు బాకీ ఉందని టీసీ ఆపే అలవాటు మూడు ఊళ్ళలోనూ ఉంది. ఎనిమిదో తరగతి లోపు అయితే విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం హెడ్మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. ఆలస్యం చేస్తే క్రమశిక్షణ చర్య ఉంటుంది. టీసీ రాలేదని కొత్త స్కూలు చేర్చుకోకుండా ఉండటానికీ లేదు. 2024 జూలైలో మద్రాస్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, టీసీ మీద ఫీజు బాకీ అని రాయడం కూడా కుదరదని, బాకీ వసూలుకి వేరే దారులున్నాయని చెప్పింది. అది తమిళనాడు తీర్పు, మనకు నేరుగా ఆదేశం కాదు. కానీ డీఈఓ దగ్గర ఫిర్యాదులో రాయడానికి పనికొస్తుంది. స్కూల్ యజమానుల మాట కూడా విన్నాను. 'మేం జీతాలు ఎట్లా ఇవ్వాలి' అని వాళ్ళంటారు. అది నిజమైన ఇబ్బందే. దాన్ని తీర్చుకునే చోటు మాత్రం పిల్లవాడి కాయితం కాదు.

ఇక 'మీ ఇంటాయన్ని పంపించండి' అనే మాట. కడప జిల్లాలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే వీధులున్నాయి. విడిపోయినవాళ్ళు, భర్త పోయినవాళ్ళు సరేసరి. స్కూల్‌కి వచ్చేది, ఫీజు కట్టేది, మీటింగ్‌లో కూర్చునేది అమ్మే. మన షరియత్‌లో కూడా చిన్న పిల్లల్ని దగ్గర ఉంచుకుని పెంచే హిజానత్ తల్లిదే. విలాయత్ తండ్రిదని ఎవరైనా వాదించొచ్చు, కానీ రిజిస్టర్‌లో కూతురి పేరు చూడటానికి విలాయత్‌తో పనేముంది? 2015లో ఒక పెళ్ళికాని తల్లి కేసులో, తండ్రికి నోటీసు ఇవ్వకుండానే ఆమెను సంరక్షకురాలిగా ఒప్పుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 2022 జూలై 28న మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన కేసులోనే, భర్త చనిపోయిన తల్లికి పిల్లవాడి ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని, రికార్డులో ఎవరి పేరు ఎట్లా రాయాలో హైకోర్టు ఆదేశించడం సరికాదని తీర్పిచ్చింది. ఇంటిపేరే నిర్ణయించగలిగిన తల్లికి ఇంటిపేరు స్పెల్లింగ్ చూసే హక్కు లేదా?

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రికార్డు అంతా తల్లిదండ్రులకు తెరిచేయాలని నేను అనడం లేదు. ఒక ఆడపిల్ల టీచరమ్మతోనో, కౌన్సెలర్‌తోనో చెప్పుకున్న మాట ఇంటికి చేరితే చదువు ఆగిపోయే ఇళ్ళు మన దగ్గర ఉన్నాయి, దాచుకుంటే పోయేది కాదు. అలాంటి నోట్సు పిల్లదే, అది పిల్లకే ఉండాలి. పేరు, తేదీ, హాజరు, మార్కులు, టీసీ వేరు. ఇవి చూపించడానికి భయపడాల్సిందేమీ లేదు.

జరుగుతున్నది, జరగాల్సింది

సర్కారు ఏమీ చేయడం లేదనడం తప్పు. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్-టీచర్ మీటింగ్ పెట్టారు. కడప మున్సిపల్ హైస్కూల్‌కి ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చారు. 2025 జూలై 10న మళ్ళీ పెట్టారు, పిల్లల ప్రోగ్రెస్ కార్డులు తల్లిదండ్రుల చేతికిచ్చారు. ముగ్గులు వేశారు, భోజనం పెట్టారు, ఫోటోలు తీశారు. మంచిదే. నేనడిగేది ఒక్కటే. ఆ రోజు ఒక బల్ల మీద అడ్మిషన్ రిజిస్టర్, ఆన్‌లైన్ ఎంట్రీ ప్రింట్ పెట్టి, ఒక్కొక్క తల్లికి చదివి వినిపించి, తప్పుంటే అక్కడే రాసుకుంటే ఎంత బాగుండేది. ఉర్దూ చదివే ఇళ్ళకు ఉర్దూలో కూడా. 2022 చట్టంతో రాష్ట్రమంతా ఉర్దూ రెండో అధికార భాషే కదా. ప్రోగ్రెస్ కార్డు ఇంగ్లీషులో ఇచ్చి 'చూసుకోండి' అంటే ఏం చూసుకుంటారు?

ఇప్పటికైతే మన చేతిలో ఉన్నవి ఇవి. పిల్లవాడు తొమ్మిదిలో ఉండగానే తెల్ల కాయితం మీద హెడ్మాస్టర్‌కి దరఖాస్తు రాసి, ఇంకో కాపీ మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. నోటితో అడిగితే 'రేపు రండి' అంటారు, కాయితం ఇస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది. తప్పుంటే నామినల్ రోల్స్ పోకముందే దిద్దించుకోండి. మెమో వచ్చాక అది చాలా పొడుగు దారి. 2021 జూన్ 3న జిగ్యా యాదవ్ కేసులో, ఆధార్, జనన ధృవపత్రం లాంటి ప్రభుత్వ పత్రాలు చూపిస్తే సర్టిఫికెట్‌లో పేరు దిద్దే అవకాశం బోర్డు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అది సీబీఎస్ఈ కేసు, దాన్ని పట్టుకుని మన బోర్డు దగ్గర కొట్లాడాలంటే వకీలు కావాలి.

ప్రొద్దుటూరు అమ్మ అట్లాగే చేసింది. దరఖాస్తు నేను రాయలేదు, పదో తరగతి చదివే ఆమె అన్న కొడుకు రాశాడు. ముట్టినట్టు సంతకం పెట్టడానికి క్లర్క్ కొంచెం నసిగాడు, హెడ్మాస్టర్ పెట్టించారు. రెండు రోజులకు రిజిస్టర్ చూపించారు, నిజానికి ఆయన మర్యాదగానే మాట్లాడారని ఆమే చెప్పింది. అమ్మాయి ఇంటిపేరులో ఒక అక్షరం లేదు, పుట్టిన నెల ఆరు బదులు ఎనిమిది పడింది. జనన ధృవపత్రం జతచేసి దిద్దమని కాయితం ఎంఈఓ ఆఫీసుకి పోయింది. ఆమె ప్రతి సోమవారం ఫోన్ చేస్తోంది.